ఉత్తరపు గదికి వేసిన రంగు

ఇమామ్ సాహెబ్‌ది మా పక్కిల్లు. తెనాలిలో మా రెండిళ్ళకీ మధ్య ఉన్నది ఒకటే గోడ. అటువైపు దానికి అతను వేసుకున్న రంగు ఉంది, ఇటువైపు నేను ఏళ్ళ తరబడి వాయిదా వేస్తున్న సున్నం ఉంది. ఊరంతా అతన్ని సాయిబు అంటుంది, నేనూ అదే అంటాను. అతను నన్ను అన్నాయ్ అంటాడు.

నా సంగతి ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. పేరు రామకృష్ణ. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. నోటి దురుసు మనిషినని డిపోలో నాకు పేరు. చిల్లర లేదన్నవాణ్ణీ, మెట్టు మీద వేలాడినవాణ్ణీ అరిచి అరిచి గొంతు అక్కడే ఆగిపోయింది. మంచినీళ్ళడిగినా తిట్టినట్టే ఉంటుందని మా ఆవిడ అంటుంది. అననీ, ఇప్పుడు మార్చుకునే ఓపిక నాకు లేదు.

సాయిబుది దీనికి పూర్తిగా ఎదురు. అతను గొంతెత్తగా నేను వినలేదు. ఇళ్ళకి రంగులు వేయడం అతని పని. వాళ్ళ నాన్న సున్నాలు వేసేవాడు. ఆ రోజుల్లో సున్నం తెల్లగా కనబడాలంటే అందులో చిటికెడు నీలిమందు పడాలి. తక్కువైతే గోడ పాచిపళ్ళ రంగులో ఉంటుంది, ఎక్కువైతే ప్రాణం పోయిన మొహంలా ఉంటుంది. ఆ చిటికెడు ఎంతో తెలిసినవాడే పనివాడు, మిగతావాళ్ళంతా బక్కెట్లు మోసేవాళ్ళు అనేవాడట ఆయన. తర్వాత సున్నాలు పోయి డబ్బా రంగులొచ్చాయి, గోడ నునుపు చేసే లప్పాలొచ్చాయి, రోలర్లొచ్చాయి, కొట్లో మీట నొక్కితే కావలసిన రంగు కలిపిచ్చే మిషన్లూ వచ్చాయి. అయినా సాయిబు ఆఖరి చుక్క తన చేత్తో కలిపితే గాని బ్రష్ ముంచేవాడు కాదు. అందుకోసం ఒక్క చుక్కకే బక్కెట్టు రంగంతా మారిపోయే గాఢమైన రంగు సీసాలు సంచిలో వేసుకుని తిరిగేవాడు. వాటిని వాళ్ళు స్టైనర్లంటారు.

ఇంకో అలవాటు కూడా ఉండేది. ఎవరింటికి రంగు వేయాలన్నా ముందు ఆ గదిలో నాలుగు గోడలకీ ఒక్కో చెయ్యంత మేర రంగు పూసి, పీట వేసుకుని కూర్చునేవాడు. పొద్దున కూర్చునేవాడు, మధ్యాహ్నం భోంచేసి వచ్చి కూర్చునేవాడు, పొద్దుగూకేదాకా కూర్చునేవాడు. "ఏంటయ్యా సాయిబూ, గోడకి పెళ్ళిచూపులా?" అని ఇంటివాళ్ళు నవ్వితే, "పిల్లనైతే ఒక పూట చూసి ఒప్పుకుంటారేమోనండి, గోడని మాత్రం మూడు పూటలా చూడాలండి" అనేవాడు.

ఒకసారి మా అరుగు మీద కూర్చుని నాకూ చెప్పాడు. నేను అడగలేదు, కరెంటు పోయి ఇద్దరికీ వేరే పని లేక విన్నాను. కొట్లో ట్యూబులైటు కింద చూసిన రంగు ఇంట్లో ఉండదట. అదే డబ్బాలో రంగు తూర్పు గదిలో పొద్దున కళకళ్ళాడుతుంది, మధ్యాహ్నం దాటాక వాడిపోతుంది. పడమటి గదికి సాయంత్రమయ్యేసరికి ఎండే ఇంత పసుపూ ఇంత ఎరుపూ కలిపి పోస్తుంది కాబట్టి అక్కడ మనం చల్లటి రంగు వేసినా అది సమానం చేసుకుంటుంది. కిటికీ బయట వరిచేను ఉంటే ఊడ్పులయ్యాక తెల్లగోడ కూడా పచ్చగా తేలుతుంది. అసలు తంటా అంతా ఉత్తరం గదితోనట.

"ఉత్తరం కిటికీలోంచి ఎండ రాదన్నాయ్. ఎండాకాలంలో నాలుగు రోజులు పొద్దునా సాయంత్రం తొంగిచూసి పోద్ది, అంతే. మిగతా ఏడాదంతా వచ్చేది ఆకాశం వెలుగే. ఆకాశమంటే నీలమేగా. తెల్ల గోడ కూడా ఆ నీలం తాగి కూర్చుంటది. అందుకని ఉత్తరం గదికి మీగడ రంగో, మొక్కజొన్న గింజ రంగో వెయ్యాలి. ఆ గదిలో నీలం చుక్క పడిందా, మనిషి అందులో ఉండలేడు."

సరేలే, నాకున్నది ఒక్క గది, దానికి వేసేది సున్నం అన్నాను. అతను నవ్వి ఊరుకున్నాడు.

అలాంటివాడికి కళ్ళలో శుక్లాలొచ్చాయి. ఒక్కరోజులో వచ్చేవైతే తెలిసేది. మూడు నాలుగేళ్ళపాటు కొంచెం కొంచెంగా కమ్ముకొచ్చాయి. వాళ్ళావిడ మదార్‌బీ మా ఇంటికొచ్చి మొరపెట్టుకునేది. "అన్నయ్యా, చూపానట్లేదు ఆయనకి. ఎదురుగా ఉన్న చెంబు వెతుక్కుంటున్నాడు. డాక్టరు దగ్గరికి రమ్మంటే పనుంది పనుంది అంటాడు." నేను గోడ మీంచే అరిచేవాణ్ణి. అతను విని విననట్టు సంచి తగిలించుకుని పనికి పోయేవాడు. చివరికి నిచ్చెన మెట్టు కనబడక కాలు జారాక గాని కదల్లేదు. మోకాలి చిప్ప మీద పడ్డాడు. అప్పుడు గుంటూరు తీసుకెళ్ళి కుడికంటికి ఆపరేషను చేయించారు. ఎడమకన్ను తర్వాత చేస్తామన్నారు.

కొన్నాళ్ళు అన్నీ నీలంగా కనబడతాయి, కంగారు పడొద్దని నర్సు చెప్పి పంపిందట. అలాగే కనబడ్డాయి, నెమ్మదిగా తగ్గాయి. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం నేను పేపరు తిరిగిచ్చేద్దామని వాళ్ళింట్లోకి వెళ్ళేసరికి సాయిబు వరండాలో కంచం ముందు కూర్చుని ఒక కన్ను చేత్తో మూసుకుంటున్నాడు, అది తెరిచి ఇంకో కన్ను మూసుకుంటున్నాడు. ఈ వయసులో ఎవరికి కన్నుకొడుతున్నావయ్యా అన్నాను.

"అన్నాయ్, ఇటు రా. కుడికంటికి ఇది తెల్లటి అన్నం. ఎడమకంటికి పులిహోర."

మదార్‌బీ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. సాయిబు నవ్వలేదు. కంచం పక్కకి జరిపేశాడు.

"మొన్నటిదాకా నాకు రెండు కళ్ళూ పులిహోరే గదా అన్నాయ్. ఆ కళ్ళతోటేగా రంగులు కలిపింది."

నాకు ముందు ఎక్కలేదు. విడమరిచి చెప్పాడు. శుక్లం ముదిరి కళ్ళకి పసుపు కమ్మినవాడికి మీగడ రంగు చూపిస్తే అది మరీ పసుపుగా కనబడుతుంది. అప్పుడతను ఏం చేస్తాడు? పసుపు చంపడానికి నీలం కలుపుతాడు. తన కంటికి మీగడలా కనబడేదాకా కలుపుతూనే ఉంటాడు. మామూలు కళ్ళున్నవాళ్ళకి అది ఎలా ఉంటుందో దేవుడికే తెలియాలి. ఎండ పడే గదుల్లో అయితే ఎండ కొంత కప్పిపుచ్చి ఉంటుంది. ఉత్తరం గదుల్లో కప్పేందుకు ఎండ లేదు. ఆ ఏళ్ళలో అతను తన చేత్తో రంగు కలిపి వేసిన ఉత్తరం గదులు మూడు. ఒకటి తెనాలిలోనే, ఒకటి బాపట్లలో, ఒకటి రేపల్లెలో.

అదే వారంలో నాసిర్ వచ్చాడు. సాయిబు అక్క కొడుకు. మేనమామ దగ్గరే పని నేర్చుకుని ఇప్పుడు సొంతంగా కాంట్రాక్టులు చేస్తున్నాడు. "మామా, గుంటూరు రోడ్డులో పెద్ద ఇల్లు పట్టాను. నువ్వు నిచ్చెనెక్కొద్దు, బ్రష్ పట్టొద్దు. కుర్చీ వేస్తా, కూర్చుని ఏ గదికి ఏ రంగో చెప్పు చాలు" అన్నాడు.

సాయిబు తన కళ్ళ సంగతి అతనికి చెప్పాడు. "ముందు ఆ మూడు గదులూ చూసొస్తాన్రా. అవి బాగుంటే వస్తా. ఒక్కటి చెడిపోయిందని తేలినా ఇంక ఈ పని జోలికి రాను" అన్నాడు. నాసిర్ ఏదో అనబోయి ఆగిపోయి, సరే మామా, చూసుకో అని వెళ్ళిపోయాడు.

మదార్‌బీ నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. ఒక్కణ్ణే పంపలేను అన్నయ్యా అంది. అలా సాయిబు కన్ను బాగుపడటం నా మోకాళ్ళ చావుకొచ్చింది. అతనికి కళ్ళు, నాకు కాళ్ళు. ఇద్దర్నీ కలిపినా ఒక పూర్తి మనిషి తయారవడు.

తెనాలిలోది రాఘవమ్మగారిల్లు, మారీసుపేటలో. సంగం జాగర్లమూడిలో పొలాలున్న కుటుంబం. ఆవిడ ఉత్తరం వైపు గదిలోనే పడుకుంటారు. మేం వెళ్ళేసరికి పప్పు చెరుగుతున్నారు. సాయిబు లోపలికి అడుగు పెట్టి అక్కడే నిలబడిపోయాడు. గది చూస్తే నాక్కూడా అప్పుడే కాచిన పాలు గుర్తొచ్చాయి. బయట మబ్బుగా ఉన్నా లోపల వెచ్చగా అనిపించింది.

"ఎట్టా ఉందమ్మా గది? ఏమన్నా తేడాగా ఉందా?" అన్నాడు సాయిబు.

"తేడా ఏముంటది? నువ్వు వేసిందేగా" అన్నారావిడ. అని చేట పక్కన పెట్టి, మజ్జిగ తెస్తానని గబగబా లోపలికి వెళ్ళిపోయారు. సాయిబు గోడని అరచేత్తో నిమురుతూ ఆ చివర్నించి ఈ చివరికి నడిచాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆపరేషను చేసిన కన్ను తడవకూడదయ్యా అని కసిరాను. తిరిగొచ్చేటప్పుడు వద్దన్నా వినకుండా నాకు చెరుకురసం తాగించాడు. అతనంత సంతోషంగా ఉండటం చూసి చాలా రోజులైంది, నాక్కూడా బాగుందనిపించింది.

ఇక్కడితో ఆగితే పోయేది. ఆగలేదు. మర్నాడు బాపట్ల అన్నాడు.

పాసింజరు కిటకిటలాడుతోంది. భాద్రపదం ఉక్క, ఊపిరాడటం లేదు. ఒక కాలేజీ కుర్రాడు సాయిబు నల్లకళ్ళజోడు చూసి లేచి సీటిచ్చాడు. నా మోకాళ్ళకి కళ్ళజోడు లేదు కాబట్టి నేను నిలబడ్డాను. బాపట్లలో దిగేసరికి ఇంటికి తిరిగి పోదామన్నంత విసుగొచ్చింది.

అక్కడ ఇల్లు పూర్ణచంద్రరావుగారిది. వ్యవసాయ కాలేజీ ఆఫీసులో చేసి రిటైరయ్యారు. పుస్తకాలు పెట్టుకున్న గది ఉత్తరం వైపుది. ఆయన మమ్మల్ని చూసి తెగ సంబరపడ్డారు. "ఈ గది చూసినవాళ్ళల్లా ఎవరు వేశారండీ అని అడగడమేనయ్యా సాయిబూ. నీ పేరే చెబుతుంటాను. ఏం చెయ్యి, ఏం చెయ్యి!" అని ఊపిరి తీసుకోకుండా పొగుడుతూనే ఉన్నారు. గది నిజంగానే బాగుంది. లేత మొక్కజొన్న రంగు. నేను కుర్చీ చూసుకుని కూలబడ్డాను. సాయిబు మొదట నవ్వుతూ విన్నాడు. తర్వాత గోడ దగ్గరికి వెళ్ళి, మాకు వీపు పెట్టి, చేత్తో కుడికన్ను మూసుకున్నాడు. కాసేపు అలాగే ఉండి చెయ్యి దించాడు. ఇటు తిరిగేసరికి మొహంలో నవ్వు లేదు. కాఫీ తాగి, దణ్ణం పెట్టి వచ్చేశాం.

స్టేషన్లో బల్ల మీద కూర్చున్నాక చెప్పాడు. "అది నా రంగు కాదన్నాయ్."

"నీది కాకపోతే ఎవరిది? ఆయన అంతగా చెబుతుంటే!"

"ఎడమకన్ను ఇంకా పాత కన్నే గదా. నేను వేసినప్పుడు ఆ కంటికి మీగడలా కనబడేదాకా కలిపాను. మరి ఇప్పుడూ ఆ కంటికి అట్టాగే కనబడాలి గదా. ఆ గోడేమో ముద్దపసుపులా ఉంది. ఎవరో మళ్ళీ వేశారు. రాఘవమ్మగారింట్లో కూడా అంతే అయ్యుంటది. అక్కడ సంతోషంలో ఈ కన్ను మూసి చూడటం మర్చిపోయా."

నాకు ఒళ్ళు మండింది. "మరి ఆయన్ని అక్కడే అడగలేకపోయావా?"

"అంత ఇదిగా మాట్లాడుతుంటే ఎట్టా అడుగుతాం అన్నాయ్?"

ఇదీ మన దేశపు జబ్బు. పనివాడు తప్పు చేశాడని ఇంటివాళ్ళు చెప్పరు, పెద్దమనిషి నొచ్చుకుంటాడని. ఇంటివాళ్ళు అబద్ధమాడారని పనివాడు అడగడు, వాళ్ళు నొచ్చుకుంటారని. మధ్యలో గోడ రెండుసార్లు రంగు తాగుతుంది. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనవాళ్ళు మోటుగా ఒక సామెతే చెప్పారు, ఇక్కడ రాయను. స్టేషన్లో మాత్రం గట్టిగానే చెప్పాను, పక్క బల్ల మీద ఆవిడ లేచి అవతలికి వెళ్ళిపోయింది.

"తేలిపోయిందిగా. ఇంక రేపల్లె ఎందుకు?" అన్నాను.

"ఏం తేలింది? కప్పేసిన గోడ చూశాను. నేను వేసింది ఎట్టా ఉందో ఇంకా చూడలేదుగా" అన్నాడు. తర్వాతొచ్చిన ఆదివారం రేపల్లె బండెక్కాం.

రేపల్లెలో వసుంధర ఇల్లు ఊరి చివర. ఆ అమ్మాయి అంగన్‌వాడీ టీచరు. భర్త నిజాంపట్నం రేవులో ఐసు ఫ్యాక్టరీలో చేస్తాడు, ఆదివారం కూడా పనేనట. సాయిబుని బాబాయ్ అంటుంది. కాళ్ళకి నీళ్ళిచ్చింది, కుర్చీలు వేసింది, కన్ను గురించి అడిగింది. ఆ గది ఒక్కసారి చూస్తానమ్మా అని సాయిబు అడిగితే మాత్రం తడబడింది.

"అది మూసే ఉంచుతున్నాం బాబాయ్. అమ్మ పోయాక వాడట్లేదు."

"నిన్నేం ఇబ్బంది పెట్టనమ్మా. చూసి వచ్చేస్తా."

గడియ తీసింది. ఒక మంచం, ఒక స్టూలు, ఉత్తరానికి పెద్ద కిటికీ. కిటికీ బయట అంతా రొయ్యల చెరువే. ఆకాశం నీళ్ళలో పడి, అక్కణ్ణించి లోపలికొచ్చి గోడల మీద పడుతోంది. ఆ గోడలు ఏ రంగంటే నేను చెప్పలేను. బూడిద అనాలా, నీలం అనాలా, నీలిమందు ఎక్కువైన పంచె ఆరేసినట్టుంది. బయట అంత ఉక్కలోంచి వచ్చిన నాకు లోపల ఒళ్ళు జలదరించింది. మనుషులు నవ్వే గది కాదది. నేను గుమ్మం దాటి ఇవతలికి వచ్చేశాను.

సాయిబు లోపలే ఉన్నాడు. కుడికన్ను మూశాడు. తెరిచి ఎడమకన్ను మూశాడు. మళ్ళీ కుడికన్ను మూశాడు. ఇది తను వేసిందేనని అడక్కుండానే తెలిసిపోయింది.

"అమ్మా, నేను డబ్బాలో తెచ్చింది మీగడ రంగే గదా" అన్నాడు.

"మీగడే బాబాయ్. మూత తీసినప్పుడు నేనూ చూశాను. పసుపెక్కువైంది, పసుపెక్కువైంది అని మీరే చిన్న సీసాలోంచి కలిపారు."

"నీకు తేడా తెలిసిందా అప్పుడు?"

వసుంధర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. "తెలిసింది. కానీ మీరు మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా, మంచంలో ఉన్న మనిషి గది అని అంత ఇష్టంగా వేశారు. ఎట్టా చెప్పను బాబాయ్?"

"మీ అమ్మగారు ఏమన్నా అన్నారా?"

"ఏమీ అనలేదు."

"వసుంధరమ్మా, నీకు దణ్ణం పెడతా. ఒక్కళ్ళన్నా నాకు నిజం చెప్పండి."

అతను అంత పెద్ద గొంతుతో మాట్లాడటం నేను మొదటిసారి విన్నాను. ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నెమ్మదిగా చెప్పింది. పక్షవాతమొచ్చి వాళ్ళమ్మ ఏడాది పైన ఆ మంచంలోనే ఉంది. చూడ్డానికి ఎదురుగా ఆ గోడ తప్ప ఇంకేమీ లేదు. రంగు వేసిన వారానికే చలేస్తోందే వసూ అనడం మొదలుపెట్టింది. మే నెలలో, మనుషులు వడదెబ్బకి పడిపోతున్న రోజుల్లో దుప్పటి కప్పమనేది. డాక్టరు జ్వరం లేదన్నాడు. వసుంధర తన పసుపు చీర ఒకటి కిటికీకి కట్టింది. ఆ చీర కట్టి ఉన్నంతసేపూ ఆవిడ దుప్పటి అడిగేది కాదు. కానీ గాలాడక ఉక్క పోసి, చీర తీయాల్సి వచ్చేది. తీయగానే మళ్ళీ చలి.

"రంగు వల్లేనని నేననను బాబాయ్. పెద్దతనం. ఒంట్లో రక్తం లేదు" అంది. అతన్ని చూసి అన్న మాటే గాని, నమ్మి అన్న మాట కాదు.

సాయిబు మంచం అంచు మీద కూర్చున్నాడు. ఆ గోడకి ఎదురుగా, ఆవిడ పడుకున్న చోట. నాకు అతన్ని లేపి తీసుకుపోవాలనిపించింది. చాలాసేపటికి అతనే లేచాడు.

"రేపే వస్తానమ్మా. లప్పం దగ్గర్నించీ నేనే చేసుకుంటా. రంగు రామకృష్ణన్నాయ్ చూస్తాడు, నువ్వు చూడు, ఇద్దరూ సరేనంటేనే వేస్తా. నువ్వేమీ ఇవ్వొద్దు."

వసుంధర తల అడ్డంగా ఊపింది. "వద్దు బాబాయ్."

"నా చేతి తప్పమ్మా ఇది."

"తప్పని కాదు. అమ్మ ఆఖరుదాకా చూసింది ఈ గోడే. వెళ్ళి కూర్చుంటే నాకు అమ్మ దగ్గర కూర్చున్నట్టుంటది. దీని మీద ఇంకో రంగు వేస్తే నాకు ఆ కాస్తా ఉండదు. ఇట్టాగే ఉండనివ్వండి."

ఇంక ఏమంటాడు? ఆ అమ్మాయి అన్నం తిని వెళ్ళమంది. ఇద్దరం కూర్చుని పప్పూ చారూ కెలికి లేచాం. వెళ్ళొస్తామని చెప్పేటప్పుడు సాయిబు ఆ గది వైపు చూడలేదు. గడియ పెట్టిన చప్పుడు మాత్రం విన్నాడు.

తిరుగు బండిలో జనం తక్కువ. కిటికీ పక్కన ఎదురెదురుగా కూర్చున్నాం. ఊడ్పులయ్యి చేలన్నీ పచ్చగా ఉన్నాయి. అతను వాటినీ చూడటం లేదు. భట్టిప్రోలు దాటాక మాట్లాడాడు.

"అన్నాయ్, నువ్వు చెప్పు. ఆ గది ఎట్టా ఉంది?"

సర్వీసంతా ఎవడి మొహం మీద ఏ మాట అనడానికీ వెనకాడని మనిషిని. ఆ నిమిషాన నాకూ మొహమాటం వచ్చింది. మరీ అంత ఘోరంగా ఏం లేదులే అనేద్దామనుకున్నాను. నాలుక చివరిదాకా వచ్చింది. అతను నా నోటి వైపే చూస్తున్నాడు. ఈ మనిషికి ఇన్నేళ్ళూ అందరూ మంచిమాటలే చెప్పారు, ఆ మంచిమాటల వల్లే కదా ఇలా అయ్యిందనిపించింది.

"బాగాలేదు సాయిబూ. గుమ్మం దగ్గరే చలి పుట్టింది. లోపల నిలబడలేక బయటికొచ్చేశా."

అతను తల ఊపాడు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఏడుస్తాడేమోననుకున్నాను గానీ ఏడవలేదు. బాగా అలిసిపోయినవాడిలా వెనక్కి వాలాడు.

తెనాలి వస్తోందనగా ఫోను మోగింది. నాసిర్. సాయిబు ఫోను ఎప్పుడూ స్పీకర్లోనే పెడతాడు, బండిలో అందరికీ వినబడుతుంది.

"మామా, చూసొచ్చావా? రేపు బండి పంపనా?"

"రాన్రా నాసిర్. తప్పు వేశాను. రేపల్లెలో నా కళ్ళతో చూశా. ఒక మంచంలో ఉన్న మనిషిని ఏడాదిపాటు చలిలో పడుకోబెట్టాను. ఇంకెవరికీ రంగు చెప్పను."

అటునుంచి నాసిర్ ఎవర్నో పక్కకి వెళ్ళమనడం వినబడింది.

"నాకు తెలుసు మామా" అన్నాడు నాసిర్. "తెనాలిదీ, బాపట్లదీ నేనే మళ్ళీ వేశా. వాళ్ళే పిలిచారు, నీకు చెప్పొద్దన్నారు. నీ కళ్ళు బాగాలేక జరిగింది మామా. ఇప్పుడు బాగయ్యాయిగా, అందుకేగా నిన్ను రమ్మంటున్నా."

సాయిబు ఫోను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మరి రేపల్లెది కూడా నువ్వు వెయ్యలేకపోయావురా?" అన్నాడు.

"వాళ్ళు పిలవలేదు మామా" అన్నాడు నాసిర్.